బాగా నడుస్తున్న బండిని ఎందుకు వెనక్కి పిలుస్తారు?

2024 జులైలో సుజుకి కంపెనీ మన దేశంలో 3,88,411 స్కూటర్లను వెనక్కి పిలిచింది. వాటిలో యాక్సెస్ 125లు 2,63,788, బర్గ్‌మన్ స్ట్రీట్‌లు 72,045, అవెనిస్‌లు 52,578. అన్నీ 2022 ఏప్రిల్ 30కీ డిసెంబరు 3కీ మధ్య తయారైనవే. మార్చాల్సింది ఇంజనూ కాదు, బ్రేకులూ కాదు. ఇగ్నిషన్ కాయిల్ నుంచి స్పార్క్ ప్లగ్గుకు వెళ్లే ఒక్క వైరు. ఏడు నెలల్లో తయారైన దాదాపు నాలుగు లక్షల బండ్లను ఒక్క వైరు మళ్లీ షోరూమ్ మెట్లు ఎక్కించింది.

రీకాల్ మెసేజ్ ఫోనుకు వచ్చినప్పుడు యజమాని నోట వచ్చే మొదటి మాట, "మా బండి బాగానే నడుస్తోంది కదా!" ఆ మాట అబద్ధం కాదు. ఉదయం సెల్ఫ్ కొడితే బండి లేస్తోంది, లైట్లు వెలుగుతున్నాయి, మైలేజీ తగ్గలేదు. మరి పని మానుకుని సర్వీస్ సెంటర్ ముందు ఎందుకు కూర్చోవాలి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే మూడు సంగతులు తెలియాలి. బండిలో కరెంటు ఏ దారిన పోతుంది, ఆ దారి ఎక్కడ తెగుతుంది, ఒక బండిని చూస్తే కనిపించని లోపం లక్ష బండ్ల లెక్కలో ఎలా బయటపడుతుంది అన్నవి.

12 వోల్టుల నుంచి 30,000కు

బండి బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. సిలిండర్‌లోని పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అంటించడానికి అది ఏ మూలకూ చాలదు. ప్లగ్గు కొసన రెండు లోహపు మొనలుంటాయి. వాటి మధ్య ఎడం ఒక మిల్లీమీటరు, ఇంకా తక్కువే కావచ్చు. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు ఎడాన్ని కరెంటు దూకాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. ఇంజను లోపల గాలి మామూలు గాలి కాదు. పిస్టన్ దాన్ని బాగా నొక్కి ఉంచుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ దూకడం కష్టమవుతుంది. అందుకే ఇగ్నిషన్ కాయిళ్లను 15,000 నుంచి 30,000 వోల్టుల దాకా పుట్టించగలిగేలా తయారుచేస్తారు.

ఈ పని వెనకున్న సూత్రాన్ని మైకేల్ ఫారడే 1831లోనే కనిపెట్టాడు. ఒక తీగచుట్ట చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం మారితే, పక్కనున్న చుట్టలో వోల్టేజీ పుడుతుంది. ఆ మార్పు ఎంత వేగంగా జరిగితే వోల్టేజీ అంత పెరుగుతుంది. ఇగ్నిషన్ కాయిల్‌లో ఒకే ఇనుప కడ్డీ మీద రెండు చుట్టలుంటాయి. ఒకటి లావు తీగతో కొన్ని వందల చుట్లు, రెండోది వెంట్రుకంత సన్నని తీగతో వేల చుట్లు. మొదటి చుట్టలో పారుతున్న కరెంటును ఉన్నట్టుండి తెంచేస్తే అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతుంది. ఆ క్షణంలో రెండో చుట్టలో వేల వోల్టులు పుట్టుకొస్తాయి.

ఇది ఎన్నిసార్లు జరుగుతుందో చూడండి. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు చుట్లకు ఒక్క మెరుపు చొప్పున లెక్కేసినా నిమిషానికి 3,000 మెరుపులు, గంటకు 1,80,000. అన్నిసార్లూ ఆ వేల వోల్టులు తమ దారిలోనే నడవాలి. ప్లగ్గు కొసన తప్ప ఇంకెక్కడా దూకకూడదు. దారి తప్పకుండా కాపలా కాసేది రాగి కాదు, దాని మీది రబ్బరు తొడుగు, కాయిల్ లోపల పోసిన రెజిన్. అందువల్ల బండి కరెంటు జబ్బుల్లో చాలావాటికి మూలం కరెంటులో కాకుండా, దాన్ని పట్టి ఉంచే పదార్థంలో ఉంటుంది.

వంగి వంగి తెగే వైరు

సుజుకి స్కూటర్ల సంగతికి వద్దాం. మోటార్‌సైకిల్లో ఇంజను ఫ్రేముకు బిగించి ఉంటుంది. మన స్కూటర్లలో అలా కాదు. ఇంజను, బెల్టు, వెనక చక్రం అన్నీ ఒకే ముక్కగా ఉండి, ఫ్రేముకు ఒక ఇరుసు మీద వేలాడతాయి. వెనక చక్రం గుంతలో పడిన ప్రతిసారీ దాంతోపాటు ఇంజనూ పైకీ కిందికీ ఊగుతుంది. బండి స్టాండు మీద ఉండి ఇంజను తిరుగుతున్నా ఆ ఊపు ఎంతో కొంత ఉంటుంది. కాయిల్ నుంచి ప్లగ్గుకు వెళ్లే వైరుకు ఒక కొస ఊగే ఇంజను మీద ఉంటుంది. కాబట్టి ఇంజను కదిలినప్పుడల్లా వైరు వంగక తప్పదు.

ఇనుప తీగను చేత్తో తెంపలేనప్పుడు అటూ ఇటూ పదిసార్లు వంచుతాం, తెగిపోతుంది. వైరులోని రాగి పోగులదీ అదే గతి. కాకపోతే ఇక్కడ ఒక్కో వంపు చాలా చిన్నది, సంఖ్య చాలా పెద్దది. వైరును అమర్చిన తీరులో వంపు ఒకేచోట పడితే ఆ చోటే అలిసిపోతుంది. ఒక్కో పోగూ విరుగుతుంది, పై తొడుగు చిట్లుతుంది. సుజుకి తన రీకాల్‌లో చెప్పిన కారణం ఇదే. ఇంజను ఊగినప్పుడు పదేపదే వంగి వైరు చిట్లవచ్చు, తెగవచ్చు. అలా తెగితే బండి నడుస్తుండగా ఆగిపోవచ్చు, స్టార్ట్ కాకపోనూ వచ్చు.

అంతటితో ఆగదు. చిట్లిన వైరు మీద నీళ్లు పడితే వేల వోల్టులకు కొత్త దారి దొరుకుతుంది. అవి పక్కనున్న లోహం మీదికో, మరో వైరు మీదికో దూకుతాయి. ఈ స్కూటర్లలో ఆ దెబ్బ స్పీడ్ సెన్సర్‌కూ థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌కూ తగలవచ్చని కంపెనీ చెప్పింది. ఆ సెన్సర్లు పనిచేసేది కొద్ది వోల్టుల మీదే. వాటి మీద వేల వోల్టులు పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? మీటరులో స్పీడ్ కనిపించదు, బండి లేవదు. షెడ్డులో మెకానిక్ సెన్సర్ పోయిందని సెన్సర్ మారుస్తాడు. అసలు దోషి వైరు అక్కడే ఉంటుంది. వచ్చే వానకు కొత్త సెన్సరూ పోతుంది.

ఇలాంటి జబ్బు వేసవిలో కనిపించదు. వాన వెలిసి, ఎండ కాసి, వైరు ఆరిపోతే మళ్లీ అంతా మామూలే. బండిని షెడ్డుకు తీసుకెళ్లేసరికి లక్షణాలు మాయం. "మిస్సింగ్ కొట్టిందన్నావు, ఏదీ?" అంటాడు మెకానిక్. యజమాని దగ్గర సమాధానం ఉండదు.

నీరు, వేడి, ఒక చుక్క సీలెంట్

కదలిక ఒక శత్రువు. రెండోది నీరు. 2023 డిసెంబరులో హోండా మన దేశంలో సీబీ350 వర్గపు మోటార్‌సైకిళ్లను రెండు కారణాలతో వెనక్కి పిలిచింది. ఒకటి వెనక బ్రేకు లైటు స్విచ్చి. దాని రబ్బరు భాగాన్ని అచ్చు పోసిన తీరులో లోపం ఉంది. ఇది 2020 అక్టోబరుకూ 2023 జనవరికీ మధ్య తయారైన బండ్లకు సంబంధించినది. రెండోది బ్యాంక్ యాంగిల్ సెన్సర్. దాని పెట్టెను అచ్చు పోయడంలో ఎడం మిగిలి నీరు చేరే అవకాశం ఉంది. ఇది 2022 జూన్ నుంచి 2023 అక్టోబరు దాకా తయారైన బండ్లది.

బ్యాంక్ యాంగిల్ సెన్సర్ పని ఏమిటో తెలిస్తే ఈ లోపం బరువు అర్థమవుతుంది. బండి పడిపోయినప్పుడు అది గుర్తించి ఇంజన్ను ఆపేస్తుంది. పడిన బండి చక్రం తిరుగుతూ ఉండకూడదు, పెట్రోలు పారుతూ ఉండకూడదు కాబట్టి అది మంచి ఏర్పాటే. అయితే నీరు చేరి సెన్సర్ చెడితే, నిలువుగా పోతున్న బండి కూడా హఠాత్తుగా ఆగిపోవచ్చు. హైవే మీద వెనక లారీ ఉండగా ఇంజను ఆగడమంటే ఏమిటో బండి నడిపేవాళ్లకు తెలుసు. కారు ఆగితే నాలుగు చక్రాల మీద నిలబడి ఉంటుంది. రెండు చక్రాల బండి మీద మనిషికి చుట్టూ రేకు కూడా ఉండదు. బ్రేకు లైటూ అంతే. అది వెలగకపోతే నడిపేవాడికి ఏ తేడా తెలియదు, వెనక వచ్చేవాడికి తెలియాల్సింది తెలియదు.

మూడో శత్రువు వేడి. బండి తిరుగుతున్నంతసేపూ మాగ్నెటో కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. దానిలోవి శాశ్వత అయస్కాంతాలు కాబట్టి వాటిని ఆపే స్విచ్చి లేదు. వేగం పెరిగితే వోల్టేజీ పెరుగుతుంది. బ్యాటరీకి కావాల్సింది మాత్రం 14 వోల్టుల చిల్లర. రెగ్యులేటర్ రెక్టిఫయర్ అనే భాగం ఏసీని డీసీగా మార్చి, మిగులును అణచిపెడుతుంది. మామూలు బండ్లలో ఆ మిగులంతా చివరికి వేడిగా మారాల్సిందే. అందుకే దాని అల్యూమినియం పెట్టెకు రెక్కలుంటాయి, గాలి తగిలేచోట బిగిస్తారు. 2012లో సుజుకి హయబుసాతో పాటు పలు పెద్ద మోటార్‌సైకిళ్లను అమెరికాలో వెనక్కి పిలిచింది ఈ భాగం వల్లే. లోపలి సర్క్యూట్ భాగం ఆ వేడిని లాగే లోహానికి సరిగా అంటుకోలేదు. అంటుకోకపోతే వేడి బయటికి పోదు, భాగం దెబ్బతింటుంది, బ్యాటరీకి ఛార్జింగ్ అందదు. చివరికి బండి దారిలో ఆగుతుంది.

హార్లీ డేవిడ్‌సన్ 2011లో 3 లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచిందీ వేడి వల్లే. వెనక బ్రేకు లైటు స్విచ్చికి సైలెన్సర్ వేడి మితిమీరి తగులుతోంది. ఆ వేడికి బ్రేకు లైటు వెలగకపోవచ్చు, నొక్కకుండానే వెలగవచ్చు, స్విచ్చి దగ్గర బ్రేకు ఆయిలు కూడా కారవచ్చు.

అన్నిటికన్నా చిన్న కారణం 2015లో హోండాది. మన దేశంలో సీబీఆర్ 150ఆర్, సీబీఆర్ 250ఆర్ బండ్లు 13,700 దాకా వెనక్కి వెళ్లాయి. స్టార్టర్ రిలే స్విచ్చికి నీరు చేరకుండా పూసే సీలెంట్ పూయకూడని చోటికి చేరడమే లోపం. సెల్ఫ్ మోటారుకు వెళ్లే కరెంటుకు రిలేనే ద్వారం. చాలా బండ్లలో మెయిన్ ఫ్యూజూ ఇలాంటి రిలే దగ్గరే ఉంటుంది. రెండు లోహాలు గట్టిగా ఆనుకోవాల్సిన చోట జిగురు చేరితే నిరోధం పెరుగుతుంది.

ఎంత పెరిగితే ప్రమాదం? పదో వంతు ఓమ్ చాలు. మామూలు మల్టీమీటరుతో సరిగా కొలవడం కూడా కష్టమైనంత చిన్న నిరోధం అది. దాని గుండా 10 ఆంపియర్లు పారితే, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించి, 10 వాట్ల వేడి. చేతికి అందనిచోట, శనగగింజంత ప్లాస్టిక్ పక్కన, బండి నడిచినంతసేపూ 10 వాట్లు పుడుతూ ఉంటే ఆ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మెత్తబడితే పట్టు సడలుతుంది, సడలితే నిరోధం ఇంకా పెరుగుతుంది, పెరిగితే వేడి ఇంకా ఎక్కువవుతుంది. అలా తనను తాను పెంచుకునే లోపం ఇది. కొన్నిసార్లు బండి ఆగిపోవడంతో ముగుస్తుంది, కొన్నిసార్లు మంటతో.

ఇక్కడ ఫ్యూజు కాపాడదా? కాపాడదు. ఫ్యూజుకు తెలిసింది ఒక్కటే, తన గుండా ఎంత కరెంటు పోతోందని. షార్ట్ సర్క్యూట్ అయితే కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఫ్యూజు తెగుతుంది. సడలిన జాయింటులో కరెంటు పెరగదు, మామూలుగానే ఉంటుంది, వేడి మాత్రం పుడుతుంది. ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యమే. ఇక తరచూ తెగుతోందని 10 ఆంపియర్ల ఫ్యూజు చోట 20 ఆంపియర్లది పెట్టినా, రాగి తీగ ముక్క చుట్టినా ఉన్న ఒక్క కాపలానూ తీసేసినట్టే. అప్పుడు ముందు కాలేది వైరింగ్ కిట్టే.

ఒక బండికి తెలియనిది

2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ 2,36,966 బండ్లను వెనక్కి పిలిచింది. మీటియర్, క్లాసిక్, బుల్లెట్ మోడళ్లు. ఇండియాతో పాటు థాయిలాండ్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మలేషియాలలో అమ్మినవి. బయటి సరఫరాదారు నుంచి 2020 డిసెంబరు, 2021 ఏప్రిల్ మధ్య వచ్చిన ఇగ్నిషన్ కాయిళ్లలో ఒక వరుస లోపభూయిష్ఠంగా ఉందని సొంత పరీక్షల్లో తేలింది. దానివల్ల ఇంజను మిస్సింగ్ కొట్టవచ్చు, బండి పనితీరు తగ్గవచ్చు, అరుదుగా షార్ట్ సర్క్యూట్ కావచ్చు.

ఆ ప్రకటనలో గమనించాల్సిన వాక్యం ఒకటుంది. ఇలా పిలిచిన బండ్లలో కాయిల్ మార్చాల్సి వచ్చేవి 10 శాతం కన్నా తక్కువే ఉండవచ్చని కంపెనీ అంచనా వేసింది. అంటే పదింట తొమ్మిది బండ్లు బాగానే ఉన్నాయి. మరి రెండున్నర లక్షల దాకా జనాన్ని పిలవడం దేనికి?

ఎందుకంటే ఆ పదో బండి ఏదో ఎవరికీ తెలియదు. కాయిళ్లు ఫ్యాక్టరీకి పెట్టెల్లో వస్తాయి. ఏ పెట్టె ఏ వారంలో లైనుకు వెళ్లిందో లెక్క ఉంటుంది, పెట్టెలోని ఏ కాయిల్ ఏ బండికి ఎక్కిందో ప్రతిసారీ ఉండదు. కాబట్టి తయారీ తేదీలతో ఒక గీత గీసి, ఆ గీత లోపలి బండ్లన్నిటినీ పిలిచి ఒక్కొక్కటీ పరీక్షిస్తారు. లెక్క ఎంత వివరంగా ఉంటే గీత అంత చిన్నదవుతుంది. ఒక్కో భాగానికీ నంబరు వేసి ఏ బండికి ఎక్కిందో రాసుకునే కంపెనీ 2 లక్షల బదులు 20 వేలతో సరిపెట్టుకోవచ్చు. రీకాల్ సంఖ్య పెద్దదైతే బండ్లు అంత చెడ్డవని అర్థం కాదు. కొన్నిసార్లు దాని అర్థం, చెడ్డవాటిని విడదీసే లెక్క కంపెనీ దగ్గర లేదని మాత్రమే.

యజమాని వైపు నుంచి చూద్దాం. అతని దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్క బండి, కొన్ని నెలల అనుభవం. వైరు పూర్తిగా తెగేదాకా బండి మామూలుగా నడుస్తుంది. సీలెంట్ చేరిన జాయింటు పూర్తిగా కరిగేదాకా సెల్ఫ్ తిరుగుతుంది. అలిసిపోవడం, తుప్పు, వేడికి పెళుసెక్కడం అనే ఈ మూడూ లోలోపల జరిగి, చివరి ఘడియలో బయటపడే పనులు. నిన్నటిదాకా నడిచిందన్న అనుభవం రేపటికి హామీ కాదు. పైగా నడిచిన ప్రతి రోజూ ఆ వైరు ఇంకొన్ని వేలసార్లు వంగింది. కంపెనీ దగ్గర మాత్రం వేరే సాక్ష్యం ఉంటుంది. సర్వీస్ సెంటర్ల నుంచి వచ్చిన వారంటీ క్లెయిములు, తిరిగొచ్చిన భాగాలు, వాటిని కోసి చూసిన ఫలితాలు. విజయనగరంలో ఒక వైరు, వరంగల్‌లో ఒకటి, నాసిక్‌లో ఒకటి తెగితే ముగ్గురు యజమానులకూ అది తమ దురదృష్టం. మూడూ ఒకే నెలలో తయారైన బండ్లవని చూసిన ఇంజనీరుకు మాత్రం అది ఒక వరస.

బ్యాటరీ మారితే లెక్క మారింది

పెట్రోలు బండిలో కరెంటు పక్కపాత్ర. విద్యుత్ స్కూటర్‌లో అదే సర్వస్వం. 2022 మార్చి 26న పుణెలో రోడ్డు పక్కన నిలిపిన ఓలా స్కూటర్ కాలిపోతున్న వీడియో దేశమంతా తిరిగింది. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయారు. అదే నెల విజయవాడలోనూ ఒక ఇంట్లో స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరి ప్రాణం పోయింది. ఆ ఒక్క ఏప్రిల్‌లోనే ఒకినావా 3,215, హైదరాబాద్‌కు చెందిన ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 స్కూటర్లను వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించాయి.

లిథియం అయాన్ సెల్‌లో రెండు ధ్రువాల మధ్య అడ్డుగా ఉండేది వెంట్రుక మందం కన్నా పలచని ప్లాస్టిక్ పొర. ఏ లోహపు రజనో, సెల్ తయారీలో వచ్చిన ముడతో, మితిమీరిన ఛార్జింగో ఆ పొరను చీలిస్తే లోపలే షార్ట్ అవుతుంది. వేడి పుడుతుంది, ఆ వేడికి రసాయన చర్యలు మొదలై ఇంకా వేడి పుడుతుంది, మండే వాయువులు వెలువడతాయి. పక్క సెల్ కూడా ఆ వేడికి అదే దారి పడుతుంది. దీన్ని థర్మల్ రన్‌అవే అంటారు. ఒక సెల్ అంటుకోవడం ప్రమాదం, ప్యాక్ మొత్తానికి పాకడం విపత్తు.

ఈ ఘటనల తర్వాత కేంద్ర రవాణా శాఖ హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ అప్పటి డైరెక్టర్ టాటా నర్సింగరావు నేతృత్వంలో నిపుణుల కమిటీ వేసింది. వాళ్ల సిఫార్సులతో విద్యుత్ బండ్ల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని సవరించారు. సెల్‌లు, బ్యాటరీని కనిపెట్టుకునే ఎలక్ట్రానిక్స్, ఛార్జరు, ఒక సెల్‌లోని షార్ట్ మిగతావాటికి పాకకుండా నిలబడే ప్యాక్ నిర్మాణం ఇవన్నీ పరీక్షల్లోకి వచ్చాయి. 2022 డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమలయ్యాయి. అయితే ప్రమాణం కొత్త బండ్లకే. అంతకు ముందు అమ్మిన బండికి రక్ష రీకాలే.

విద్యుత్ బండ్లలో లోపం కొన్నిసార్లు ఏ వస్తువులోనూ ఉండదు, సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. 2020లో హార్లీ తన లైవ్‌వైర్ మోటార్‌సైకిళ్లను వెనక్కి పిలిచింది అందుకే. ఛార్జింగ్ వ్యవస్థ సాఫ్ట్‌వేర్ బండి నడుస్తుండగానే మోటారును ఆపేసే అవకాశం ఉంది. అలాంటిచోట మరమ్మతు అంటే పానా పట్టుకోవడం కాదు, ప్రోగ్రాం మార్చడం.

చట్టం ఎంత దూరం వస్తుంది

అమెరికాలో 1966లోనే వాహన భద్రత చట్టం వచ్చింది. అక్కడి ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే సంస్థ ఫిర్యాదులను ఒకచోట చేర్చి, విచారించి, కంపెనీ కాదన్నా రీకాల్‌కు ఆదేశించగలదు. మన దగ్గర 2012 జులైలో వాహన తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చుకుంది. అప్పట్లో పిలవాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టమే. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఎ సెక్షన్ చేరాక ప్రభుత్వానికి ఆ అధికారం వచ్చింది. దాని నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తయారై ఏడేళ్లు దాటని వాహనాలకు ఇది వర్తిస్తుంది. ఆ మోడల్ అమ్మకాల సంఖ్యను బట్టి నిర్ణీత సంఖ్యలో యజమానుల ఫిర్యాదులు చేరితే విచారణ మొదలవుతుంది. లోపం తేలితే కంపెనీ మరమ్మతు చేయాలి, లేదా బండి మార్చాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. ప్రభుత్వం ఆదేశించే దాకా తెచ్చుకున్న కంపెనీకి ₹10 లక్షల నుంచి ₹1 కోటి దాకా జరిమానా.

ఇందులో కీలకం ఫిర్యాదుల సంఖ్య. షెడ్డులో వైరుకు టేపు చుట్టించుకుని వెళ్లిపోయిన యజమాని ఆ లెక్కలో లేడు. టేపుతో అతని బండి నడుస్తుంది, కానీ అదే నెలలో తయారైన మిగతా బండ్ల గురించి తెలియాల్సిన ఒక ఆధారం అక్కడే పోయింది.

మీ బండి ఆ గీత లోపల ఉందా?

తెలుసుకోవడానికి కావాల్సింది ఛాసిస్ నంబరు. 17 అక్షరాలు, అంకెలు కలిసిన ఆ నంబరు ఆర్‌సీ మీద ఉంటుంది, మోటార్‌సైకిల్ అయితే సాధారణంగా హ్యాండిల్ మెడ దగ్గర ఫ్రేము మీద కొట్టి ఉంటుంది. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ పొరబడకుండా. కాబట్టి గుండ్రంగా కనిపించింది సున్నానే. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూడవచ్చు, సర్వీస్ సెంటర్‌కు ఫోను చేసి అడగవచ్చు. మోడల్ పేరు చూసి మనది కాదనుకోవడం, మనదే అనుకోవడం రెండూ పొరపాట్లే. ఒకే మోడల్‌లో ఒక వారం తేడాతో ఒక బండి గీత లోపల, ఇంకొకటి బయట ఉండవచ్చు.

అసలు చిక్కు సెకండ్ హ్యాండ్ బండ్లది. కంపెనీ దగ్గరుండే ఫోను నంబరు మొదట కొన్నవాడిది. అతను కన్సల్టెన్సీలో అమ్మేశాడు, అక్కడి నుంచి ఇంకొకరు కొన్నారు, కొన్నాళ్లకు ఆ బండి తమ్ముడి చేతికో, డెలివరీ పనికో వెళ్లింది. ఆర్‌సీ ఇంకా మొదటివాడి పేరు మీదే ఉంది. రీకాల్ మెసేజ్ వెళ్లేది అతనికే, అతనికి ఆ బండి గుర్తు కూడా లేదు. పాత బండి కొనేటప్పుడు ఇంజను శబ్దం, టైర్ల అరుగుదల చూసినట్టే ఛాసిస్ నంబరుతో రీకాల్ బాకీ ఉందేమో చూడాలి. పేరు మార్పించుకోవాలి, కంపెనీ సర్వీస్ రికార్డులో కొత్త ఫోను నంబరు రాయించాలి.

సర్వీస్ సెంటర్‌లో ఏం జరుగుతుంది? భాగం అవసరమైతే మారుస్తారు, లేదంటే పరీక్షించి వదిలేస్తారు. వారంటీ అయిపోయినా రీకాల్ పనికి భాగానికీ కూలికీ డబ్బు అడగకూడదు. ముందే ఫోను చేసి భాగం స్టాకులో ఉందో లేదో కనుక్కుంటే ఒక రోజు కూలి పోకుండా ఉంటుంది. పని అయ్యాక జాబ్ కార్డు మీద రీకాల్ పని అని, ఏం మార్చారో రాయించుకుని దాచుకోవాలి. రేపు బండి అమ్మినా, బీమా క్లెయిము వచ్చినా అదే సాక్ష్యం. డబ్బు అడిగినా, తిప్పించుకున్నా కంపెనీ కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా రాయాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల చట్టంలో లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారు బాధ్యత కూడా ఉంది.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లే ముందు బండికి బయట కోయించి పెట్టించిన వైర్లు గుర్తుచేసుకోండి. పెద్ద హారను, ఎల్‌ఈడీ లైట్లు, ఫోను ఛార్జరు కోసం వైరింగ్ కిట్‌ను కోసి టేపు చుట్టించి ఉంటే, కంపెనీ లోపం ఏదో, మన చేతి లోపం ఏదో తేల్చడం కష్టమవుతుంది. అలాంటి అతుకుల దగ్గర కూడా నీరు, కదలిక, వేడి అదే పని చేస్తాయి. వాటికి రీకాల్ ఉండదు.

ఈలోగా బండి ఏదైనా చెబుతుంటే వినాలి. వానలోనే మిస్సింగ్ కొట్టడం, కాలిన ప్లాస్టిక్ వాసన, ఊరికే తెగే ఫ్యూజు, ఇంజను వేగం పెంచితే మిరుమిట్లు గొలిపి తగ్గిస్తే వాడిపోయే హెడ్‌లైటు, బ్రేకు నొక్కకుండా వెలిగే ఎర్రలైటు. ఇవి కనిపిస్తే తేదీ, వాతావరణం, ఓడోమీటరు అంకె రాసుకుని సర్వీస్ సెంటర్‌లో ఫిర్యాదుగా నమోదు చేయించాలి. నోటిమాటగా వదిలేయకూడదు.

రీకాల్‌లో యంత్రం పని చిన్నది, సమాచారం పని పెద్దది. వైరు మార్చడం ఏ మెకానిక్‌కైనా తెలిసిన పనే. లక్షల బండ్లలో తెగబోయే వైర్లు ఎక్కడున్నాయో కనిపెట్టి, వాటి మీద తిరుగుతున్న మనిషిని వెతికి పట్టుకోవడమే కష్టం. అందులో సగం కంపెనీ చేయాలి, ప్రభుత్వం చేయించాలి. మిగతా సగం యజమాని చేతిలోనే ఉంది. పిలిచినప్పుడు వెళ్లడం ఒకటి, లోపం కనిపించినప్పుడు రాసి ఇవ్వడం ఇంకొకటి. మొదటిదానివల్ల తన బండి బాగుపడుతుంది. రెండోదానివల్ల, ఎన్నడూ చూడని ఊళ్లో ఎవరో నడుపుతున్న బండి కూడా బాగుపడుతుంది.